ఎద్దుముడి వేసిన తెరచాప

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. ఏరు దాటకముందే, పట్టపగలు, గవర్నమెంటు ఆఫీసరును కూర్చోబెట్టుకుని మరీ పడవను ముంచినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. తుఫాను లేదు, మొసలి లేదు. ఉన్నదల్లా నేనే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డుకు జనం షికారుకు రావడం మొదలైంది. బోరు ఎండిపోయి సేద్యం మీద విసిగి ఉన్న నేను, రెండు బర్రెలను అమ్మి, వచ్చినవాళ్లను ఏట్లో తిప్పుదామని జాలరి బాలయ్య మామ దగ్గర పాత తెరచాప పడవ కొన్నాను. మా ఇంటామె అంజమ్మ ఒకటే మాట చెప్పింది: “పర్మిషన్ రాకుంటే గా పడవను కొట్టి పొయ్యిల పెడత. దాని మంట మీదనే నీకు బువ్వ వండుత.”

పడవ రెండేళ్లుగా ఒడ్డున బోర్లా పడి ఎండుతోంది. సందుల్లో దూది కుక్కాను, తారు పూశాను, ఆకుపచ్చ రంగు వేశాను. పెద్దల బడిలో అప్పుడప్పుడే అక్షరాలు నేర్చిన రోజులవి. రెండు రోజులు కూర్చుని పడవ మీద అంజమ్మ పేరును గుమ్మడికాయలంత అక్షరాలతో రాశాను. బాలయ్య మామ వచ్చి చెక్కలను వేళ్లతో కొట్టి చూశాడు.

“అల్లుడా, పేరు మంచిగున్నది గని, నాలుగొద్దులు దీన్ని నీళ్లల్ల ముంచిపెట్టు. ఎండిన చెక్క నాని ఉబ్బితెనే సందులు మూసుకుంటయి.”

“పడవను ముంచుడేంది మామ? తేలేటందుకే గద కొన్న!”

“బండి చక్రాలు నానబెడ్తవా లేదా?”

“అది బండి. గిది పడవ.”

ఇక్కడ నన్ను నాలుగు తిట్టుకోండి, ఆగుతాను. ఇనుప పట్టా ఊడకుండా ముప్పై ఏళ్లు బండి చక్రాలను వాగులో నానబెట్టినవాణ్ణి! కానీ పడవను చూసి పర్మిషన్ ఇచ్చే ఆఫీసరు వచ్చేది మరునాడే. నాకా, కాలు ఒకచోట నిలవదు. అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసే రకం.

మరునాడు ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. అవతలి ఒడ్డున గడ్డి కోసుకొస్తానని అంజమ్మ కొడవలితో ఎక్కింది. ఒడ్డు మీద నుంచి మామ అరిచాడు: “తెరచాప తాడు చేతులనే ఉంచుకో! దేనికీ కట్టకు! గాలి జోరైతే ఇడిసిపెట్టాలె!”

“ఎర్కనే మామా!”

పది బారలు పోయామో లేదో ఆఫీసరు కాళ్లు పైకి తీసుకున్నాడు.

“పెద్దాయనా, నీళ్లొస్తున్నాయి.”

“ఎండకు పడవకు గూడ చెమట పడ్తది సార్.”

“ఇంత చెమటా?”

“పాతది గద సార్, ఆయాసం ఎక్కువ.”

“సేఫ్టీ జాకెట్లు ఏవి?”

“ఒడ్డు మీదున్నయి సార్. కొత్తయి, తడుస్తయని తీస్కరాలే.”

చెమట చీలమండలు దాటింది. తోడాలంటే రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో తాడుంది. ఎద్దును గుంజకు కట్టినట్టు ఆ తాడును బల్లకు మూడు చుట్లు చుట్టి బిగించాను. నా ముడిని ఇంతవరకు ఏ ఎద్దూ విప్పుకోలేదు. డబ్బాతో నీళ్లు తోడుతూ నా తెలివికి నేనే మురిశాను.

అప్పుడొచ్చింది గాలి. ఎద్దయితే కాసేపు గుంజి, విసుగొచ్చి గడ్డి మేస్తుంది. గాలికి ఆ బుద్ధి లేదు. తెరచాప పూరీలా పొంగింది. పడవ ఒరిగింది. ఒరిగిన పక్క నుంచి కృష్ణమ్మ పిలవకుండానే లోపలికొచ్చింది.

“తాడు ఇడువు!” అని మామ కేక.

“వస్తలేదు మామా! తడిసి బిగిసింది!”

“కట్టినవా?”

“జరంత!”

ఆఫీసరు నా భుజం పట్టుకున్నాడు. “నాకు ఈత రాదయ్యా!”

డబ్బా పారేసి ముడిని పళ్లతో పీకాను. పర్మిషన్ పోతే పోయింది, బర్రెలు పోతే పోయాయి, ఆ మనిషి ఇల్లు చేరితే చాలనుకున్నాను.

“జరుగు!” అంజమ్మ కొడవలితో తాడును ఒక్క వేటుకు తెంపింది. తెరచాప టపటపలాడింది, ఒరిగిన పడవ తిన్నగా నిలిచింది. ఆమే గడ అందుకుని ఒడ్డు వైపు తోసింది. ఇరవై గజాలు ఉందనగా పడవ, అలిసిన బర్రె బురదలో కూలబడినట్టు, మెల్లగా అడుగుకు కూర్చుంది. అదృష్టం, నడుము లోతే. ఆఫీసరు ఫైలును బతుకమ్మలా నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు.

“మరి పర్మిషన్ సంగతి సార్?” అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గే.

ఆయన చొక్కా పిండుకుంటూ అన్నాడు: “నానబెట్టండి. మళ్లీ వస్తాను. కానీ నడిపేది ఆమె.”

నెల తర్వాత పర్మిషన్ వచ్చింది. మామ నేర్పాడు, అంజమ్మ నడుపుతోంది. కాగితంలో మూడు షరతులున్నాయి. ఎనిమిది మందికి మించి ఎక్కించరాదు. తాగినవారిని ఎక్కించరాదు. మూడోది ఆఫీసరు తన చేత్తో రాశాడు: యజమానిని ఎక్కించరాదు.

కనుక కృష్ణమ్మ సాక్షిగా, బాలయ్య మామ మీసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గాలి పట్టుకున్న తాడుకు ఈ జన్మలో ముడి వేయను. అవతలి ఒడ్డుకు పోవలసి వస్తే బస్సులో చుట్టూ తిరిగి పోతాను. అంజమ్మ బతిమాలినా పడవ ఎక్కను. ఆమె బతిమాలదనుకోండి.