తోలుదూడ

మా తెలుగు మేష్టారు పోయారు. కబురు చెప్పిన ఆయన మేనల్లుడు ఫోన్ పెట్టెయ్యకుండా, "అత్తయ్య నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదండి. మీరొస్తే తింటారేమోనని అందరూ అంటున్నారండి" అన్నాడు. నన్నే ఎందుకు పిలిచారో మీకు అర్థం కావాలంటే ముందు గేదె సంగతి చెప్పాలి.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా మేష్టారి గేదెకి దూడ చచ్చిపోయింది. పాలేరు దాని తోలులో ఎండుగడ్డి కుక్కి, కుట్టి, గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతూ చేపేది, పాలిచ్చేది. మేష్టారు దానిమీద ఆటవెలది కట్టి క్లాసులో రాగం తీశారు: "తోలు నాకి చేపు దూడ యనుచు." వెర్రి గేదె అని మేం పడీపడీ నవ్వాం. "పశువుకీ మనిషికీ తేడా ఏంట్రా? పశువు పద్యం చెప్పలేదు. మీరూ చెప్పలేరనుకోండి" అన్నారు. ఆయన నోటికి హద్దూ అదుపూ ఉండేవి కావు.

ఆ వర్షాకాలమే మేష్టారి ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు, కాలవ లాకుల దగ్గర ఈతకి దిగి మునిగిపోయాడు. మేష్టారి భార్య, మా క్లాసందరికీ అమ్మగారు, అన్నం మానేశారు. ఓ సాయంత్రం మేష్టారు వాడి చారల చొక్కా పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఇది తొడుక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని తినరా. మాట్లాడకు."

మా అమ్మ ఏడ్చింది గానీ పంపింది. అమ్మగారు నా మొహం చూడలేదు. చొక్కానే చూస్తూ తిన్నారు. నేను చెయ్యి కడుక్కుంటుంటే "రేపూ రా" అన్నారు మేష్టారు. నాకు ఇష్టమా అని ఒక్కనాడూ అడగలేదు. ఆ పద్యం మళ్ళీ చదవనూ లేదు.

వేసవికల్లా చొక్కా బిగుతైపోయింది. ఓ రోజు అన్నాల దగ్గర అమ్మగారే లేచొచ్చి నా గుండీలు విప్పారు. మేష్టారు ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"గేదెకి మొదటిరోజే తెలుస్తుందండీ" అన్నారావిడ, ఆయన వైపు చూడకుండా. "వాసన తెలీదూ? తెలిసే నాకుతుంది."

మేష్టారు కండువా నోట్లో కుక్కుకున్నారు.

చచ్చిపోయినవాడి బట్ట బతికున్న పిల్లాడికి తొడగడం క్రూరమే. ఇవాళ కూడా అదే అంటాను. కానీ ఆవిడ బతికారు. నాకు ఆయన మీద కోపమూ పోలేదు, ప్రేమా పోలేదు.

వెళ్ళాను. అప్పటికే దహనం అయిపోయింది. చుట్టాలు నన్ను అమ్మగారి ఎదురుగా కూర్చోబెట్టి ఇద్దరికీ వడ్డించారు. ఆవిడ ఈసారి నా మొహం చూశారు.

"మళ్ళీ నిన్నే నిలబెట్టారా నాయనా?" అన్నారు.

ఎడమచేత్తో నా చొక్కా కాలరు పట్టుకుని, కుడిచేత్తో ముద్ద కలుపుకున్నారు.