ఊపిరి బిగబట్టిన బొమ్మలు

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. పేటలో అందరికీ ఆయన ‘కదలకండి గారు’. ఇరవై రెండేళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. అదీ పాస్‌పోర్టు సైజు ఫొటోలే. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు వేళ్లతో గడ్డం పట్టుకుని కాస్త పైకెత్తి, రెండడుగులు వెనక్కి వేసి “కదలకండి” అనేవాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా, ఎంత అల్లరి పిల్లైనా ఆ మాటకి కొయ్యబారిపోవాల్సిందే. జనం ఫోన్లతోనే ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాక స్టూలు మీద దుమ్ము చేరింది. నలభై ఎనిమిదో ఏట షట్టరు దించేశాడు.

దించేసినవాడు ఇంట్లో కూర్చోలేదు. మొహాల మీద మొటిమలు చెరిపి చెరిపి కంప్యూటరు మీద చెయ్యి తిరిగి ఉంది కదా అని, తెర మీద మనిషి శరీరాన్ని చెక్కడం నేర్పే ఏడాది కోర్సులో చేరాడు. అక్కడ మట్టి ఉండదు, ఉలి ఉండదు. తెర మీద ఒక ముద్ద ఉంటుంది. కంప్యూటరుకి తగిలించిన పలక మీద ఉత్తుత్తి పెన్నుతో నొక్కితే ముద్ద లోపలికి పోతుంది, లాగితే పైకి వస్తుంది. అలా నొక్కీ లాగీ ఎముక మీద కండ, కండ మీద కొవ్వు, కొవ్వు మీద చర్మం తేవాలి.

మొదటిరోజు రిసెప్షన్‌లో అమ్మాయి తలెత్తకుండానే, “ఐడీ కార్డుల ఫొటోలు వచ్చే వారం అంకుల్, ఇవాళ కాదు” అంది. పాపం, రెండేళ్లుగా వాళ్ల కార్డుల ఫొటోలు తీసింది ఆయనే.

“ఫొటోలకి కాదమ్మా, చేరడానికి.”

ఆ అమ్మాయి మెడ సాచి ఆయన వెనక్కి చూసింది. “ఎవరు, బాబా, పాపా?”

“నేనే.”

ఆ ‘నేనే’ అనడానికి ఆయనకి ఎంత గుండె ధైర్యం కావలసివచ్చిందో ఆ పిల్లకేం తెలుసు!

ఏడాది గడిచిపోయింది. కోర్సు చివర్లో టీచరమ్మ ఒక అవకాశం చూపించింది. ఆవిడకి ముప్ఫై నిండలేదు. ఆవిడ ఆయన్ని ‘సార్’ అంటుంది, ఆయన ఆవిడని ‘మేడమ్’ అంటాడు, ఎవరు ఎవరికి లేచి నిలబడాలో ఇద్దరికీ తెలియదు. నర్సింగ్ కాలేజీలకి రబ్బరు శరీరాలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉందట. సూది వేయడం, కట్లు కట్టడం పిల్లలు వాటి మీదే నేర్చుకుంటారు. నడివయసు మనిషి, మెడ నుంచి నడుము దాకా, జబ్బలతో సహా, తీరిగ్గా కూర్చుని ఉన్నట్టు చెక్కి ఆ నెల ఇరవై అయిదులోగా పంపాలి. నచ్చితే ఉద్యోగం.

నచ్చకపోతే? దానికి సమాధానం ఆయన భార్య అన్నగారి దగ్గర సిద్ధంగా ఉంది. ఆయనకి టైల్స్ దుకాణం ఉంది కాబట్టి ఇంట్లో ఆయన్ని టైల్స్ బావగారు అంటారు. మంచివాడే, కానీ మంచితనాన్ని లౌడ్‌స్పీకర్లో చేస్తాడు. “బావా, ఏడాది చూశాను. ఒకటో తారీఖు నుంచి వచ్చి నా కౌంటర్లో కూర్చో. ఫ్యానుంది, టీ ఉంది, ఇంకేం కావాలి నీకు?” అని నలుగురిలో అనేశాడు. కదలకండి గారు నలుగురిలోనే సరేనన్నాడు. అనక చస్తాడా!

పదిరోజులు కూర్చుని కంపెనీకోసం ఒక బొమ్మ చేసి టీచరమ్మకి చూపించాడు. ఆవిడ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“సార్, మీ మనుషులందరూ ఎందుకిలా భయపడుతుంటారు?”

“భయమా? తలే లేదు కదా మేడమ్, భయం ఎక్కడ కనిపించింది?”

“మెడలో. ఇదిగో, చెవి వెనకనుంచి గొంతు గుంట దాకా దిగే కండ తాడులా లేచింది. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. పొట్ట లోపలికి పీక్కున్నాడు. ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి సార్, ఒక్కటీ తప్పు లేదు. కానీ ఈయన ఊపిరి బిగబట్టాడు. మీ పాత బొమ్మలు తియ్యండి... చూశారా, అన్నీ అంతే!”

ఆయన పాత బొమ్మలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. ఇరవై రెండేళ్లలో వేలమందిని చూశాడు, నిజమే. కానీ ఎప్పుడు చూశాడు? “కదలకండి” అన్న తర్వాత ఒక్క సెకను. ఆ సెకను ముందు వాళ్లెలా ఉన్నారో, ఆ తర్వాత ఎలా వదులయ్యారో ఎప్పుడైనా చూస్తే కదా! అప్పటికి ఆయన “నెక్స్ట్” అంటూ ఉండేవాడు.

సరే, తీరుబడిగా ఉన్న మనుషుల్ని చూడాలనుకుని మర్నాడు సిటీ బస్సెక్కాడు. అదృష్టం కొద్దీ ఎదురు సీట్లో ఒక పెద్దమనిషి నిద్రపోతున్నాడు. మెడ వాలింది, భుజాలు జారాయి, పొట్ట నింపాదిగా పైకీ కిందికీ ఆడుతోంది. కదలకండి గారికి కన్నులపండువైంది. మెడ ఒక్కటే సరిగ్గా కనబడటం లేదు, గడ్డం అడ్డొస్తోంది. ఆయన చేతికి ఇరవై రెండేళ్ల అలవాటు. అది ఆయన్ని అడగలేదు. రెండు వేళ్లతో ఆ పెద్దమనిషి గడ్డం పట్టుకుని కాస్త పైకెత్తింది.

పెద్దమనిషి కళ్లు తెరిచాడు.

“ఏమిటండీ ఇది?”

“కొంచెం... పైకి...” అన్నాడు కదలకండి గారు, వేళ్లు ఇంకా గడ్డం కిందే ఉన్నాయి.

“ఎందుకు?”

దానికి సమాధానం పెద్దది. శిల్పం, నర్సింగ్, గడువు అన్నీ చెప్పాలి. చెప్పలేక వచ్చే స్టాపులో దిగిపోయాడు. కండక్టరు, “టిక్కెట్టు ఇంకా నాలుగు స్టాపులుంది సార్” అంటున్నా వినిపించుకోలేదు. నాలుగు స్టాపులూ నడిచాడు.

ఇంటికొచ్చి పెళ్లాన్ని చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ రక్త పరీక్షల ల్యాబులో రక్తం తీస్తుంది. వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ, ఆయన గుమ్మంలో నిలబడగానే నిటారుగా అయిపోయింది.

“ఏమిటలా చూస్తున్నారు?”

“మామూలుగా ఉండవే.”

“మామూలుగానే ఉన్నాను.”

“భుజాలు దించు.”

“దించే ఉన్నాయి! మీరలా గుడ్లప్పగించి చూస్తూ వదులుగా ఉండమంటే ఎవరుంటారండీ? నా దగ్గరకొచ్చేవాళ్లకి ‘చెయ్యి వదులుగా పెట్టండి’ అని నేను చచ్చినా చెప్పను. చెప్తే ఇంకా బిగించుకుంటారు.”

“మరేం చేస్తావ్?”

“ఇంట్లో ఎవరి మీద కోపంగా ఉన్నారో అడుగుతాను. అది చెప్పుకుంటూ ఉంటారు. సూది వెళ్లిందో లేదో కూడా తెలియదు.”

ఆదివారం టైల్స్ బావగారు వచ్చాడు, కౌంటరు పని ముందే వివరిద్దామని. వచ్చీ రాగానే, “అబ్బ, ఏం ఉక్కబోత” అంటూ చొక్కా విప్పి కుర్చీ వీపుకి తగిలించి, బనియనుతో కూర్చున్నాడు. కంప్యూటరు ముందున్న కదలకండి గారు చెల్లెలి మొహం చూశాడు. అంటే, ఆయనకి చెల్లెలు, ఈయనకి పెళ్లాం. ఆవిడ టీ గ్లాసు అన్నగారి చేతికిచ్చి ఎంతో అమాయకంగా అడిగింది: “అన్నయ్యా, ఆ మేడ కట్టినాయన మిగిలిన టైల్స్ డబ్బాలు వెనక్కి తీసుకొచ్చాడన్నావు, ఏమైంది?”

“అడక్కు తల్లీ! వాడి సంగతి అడక్కు!” అంటూ మొదలుపెట్టాడు. నేలంతా పరిపించుకుని, వారం రోజులు దాని మీద నడిచి, రంగు అది కాదు అన్నవాడి కథ అది. కథ మధ్యలో ఇంకో కథ. మొదట భుజాలు ఎగిరాయి, చేతులు ఆడాయి. తర్వాత మెల్లిగా గాలి తీసినట్టు దిగాయి. కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. పొట్ట వచ్చి ఒళ్లో కూర్చుంది. మెడ కండలు మెత్తబడ్డాయి. కదలకండి గారి పెన్ను పలక మీద పరుగులు తీస్తోంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా ఆయన “కదలకండి” అనలేదు.

“అదీ బావా, వ్యాపారం అంటే. రాసుకుంటున్నావా?”

“రాసుకుంటున్నాను బావగారూ.”

పెన్ను మాత్రం ఆగలేదు.

బుధవారం సాయంత్రం టైల్స్ బావగారు చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. తెర మీద మెడ నుంచి నడుము దాకా ఒక మనిషి. బనియను కూడా లేదు. బావగారు చేతిలో సంచీ కింద పెట్టాడు.

“ఎవరిది?”

మాట వినబడి చెల్లెలు వంటింట్లోంచి గుమ్మంలోకొచ్చింది.

“ఒసే, ఇది నేనేనా? తల లేకపోయినా నేనే అని తెలిసిపోతోందే!”

“రాసుకున్నది ఇదే బావగారూ,” అన్నాడు కదలకండి గారు, తేలు కుట్టిన దొంగలా. “ముందే అడగాల్సింది. అడిగితే మీరు బిగుసుకుపోతారని...”

బావగారి మొహంలో రెండుమూడు రంగులు మారాయి. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. ఆ గొంతు స్టూడియోలో వేలసార్లు విన్నదే. “సరేలే. ఆ పొట్ట కొంచెం తగ్గించు బావా. నీకది ఎంతసేపు పని! ఆ భుజం కూడా సమానం చెయ్యి. కాస్త చూడబుల్‌గా ఉండొద్దూ?”

కదలకండి గారి చెయ్యి యథాప్రకారం ఆయన్ని అడగలేదు. రెండు గీతల్లో పొట్ట మాయమైంది. ఇంకో గీతకి భుజాలు సమానమయ్యాయి. “ఆఁ! ఇప్పుడు బావుంది,” అన్నాడు బావగారు. బొమ్మ అచ్చం పాస్‌పోర్టు ఫొటోలా బిగుసుకుని కూర్చుంది. మళ్లీ ఊపిరి బిగబట్టేసింది.

పంపాల్సిన గడువు శుక్రవారం. ఇలా పంపితే బావగారు సంతోషిస్తాడు, తను ఒకటో తారీఖున కౌంటర్లో కూర్చుంటాడు. కదలకండి గారు చేసింది వెనక్కి తీసే మీట నొక్కాడు. భుజం జారింది. మళ్లీ నొక్కాడు. బావగారు చూస్తుండగానే ఆయన పొట్ట ఆయనకి తిరిగొచ్చింది.

“ఏం చేస్తున్నావ్?”

“పొట్ట తీసేస్తే ఇది మీరు కాదు బావగారూ, ఫొటోకి కూర్చున్న ఎవరో. నేను జన్మంతా అవే తీశాను. ఆదివారం మీరు హాయిగా కూర్చున్నారు. అది చెయ్యగలిగాను. మీరొద్దంటే చెరిపేస్తాను, ఒట్టు. కానీ మార్చి మాత్రం పంపను.”

మాట నెమ్మదిగానే వచ్చింది. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. బావగారు కుర్చీ లాక్కుని తెరకి దగ్గరగా జరిగాడు.

“దీన్ని వెనక్కి తిప్పొచ్చా?”

తిప్పాడు. బావగారు తన వీపుని తను ఎన్నడూ చూసుకోలేదు. కుడి రెక్క ఎముక మీద కండ గట్టిగా, ఎత్తుగా ఉంది. భుజం మాత్రం కిందికి జారింది.

“దుకాణం పెట్టకముందు పదకొండేళ్లు డబ్బాలు మోశాను,” అన్నాడు. “ఈ భుజం మీదే. జారిందని మా ఆవిడ అంటే తిట్టాను.” తర్వాత సంచీ తీసుకుని లేచాడు. “పంపెయ్. పేరు మాత్రం వెయ్యకు.”

శుక్రవారం పంపాడు. సోమవారం జవాబొచ్చింది. చంక దగ్గర మడత సరిచెయ్యమని, చర్మం ఇంకాస్త ముతగ్గా ఉండాలని రెండు పేజీల తప్పులు రాసి, చివర్న ఒకటో తారీఖున వచ్చి చేరమన్నారు. కదలకండి గారు ఆ చివరి వాక్యం పెళ్లాం చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కౌంటరుకి రాలేనని చెప్పడానికి బావగారికి ఫోన్ చేశాడు. అరుపులు వినాల్సి వస్తుందని ఫోను చెవికి దూరంగా కూడా పట్టుకున్నాడు.

అరుపులేమీ రాలేదు.

“అయితే నన్ను రబ్బరుతో పోస్తారన్నమాట.”

“అవును బావగారూ.”

“ఎన్ని చేస్తారు?”

“మొదట రెండు వందలట.”

“రెండు వందల నేనులా!” గొంతులో దాచుకుందామన్నా దాగని సంతోషం. అంతలోనే అనుమానం వచ్చింది. “అవునూ, ఆ నర్సింగ్ పిల్లలు సూది ఏ జబ్బకి పొడుస్తారు?”

కదలకండి గారికి తెలియదు. పక్కనే ఉన్న పెళ్లాం వైపు చూస్తే, ఆవిడ నవ్వాపుకుంటూ ఎడమ చెయ్యి చూపించింది.

“ఎడమదే బావగారూ.”

“హమ్మయ్య. కుడిది అసలే నొప్పి.”