తాతబ్బాయి మట్టిబెడ్డ

పలివెల చుట్టుపక్కల కొబ్బరితోటల్లో చెట్లెక్కి కాయల దింపు తీసేవాళ్ళు చాలామందే ఉండేవారు గానీ, ఎక్కే ముందు చెట్టుతో తగువు పెట్టుకునేవాడు మాత్రం తాతబ్బాయి ఒక్కడే. చెట్టు మొదట్లో నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని, చెట్టు తలలోని మొవ్వు వంక అనుమానంగా చూసేవాడు. గెలల మధ్య ఏదైనా కదులుతోందేమోనని అటొకసారి, ఇటొకసారి తిరిగేవాడు. ఆ తర్వాత మట్టిబెడ్డ ఒకటి తీసి మట్టల్లోకి విసిరి, చెవి ఒగ్గి వినేవాడు. రొద వినపడకపోతే అప్పుడు కాళ్ళకు తాడు బందం తగిలించేవాడు. పక్కనున్న తోట రైతు ఓపిక పట్టలేక "ఏమీ లేవోయ్, ఎక్కు" అన్నాడా, ఇంకో బెడ్డ అదనంగా పడేది.

అందుకు కారణం ఉంది. వాళ్ళ నాన్న గంగయ్య ఆ మాట నమ్మే పోయాడు. తాతబ్బాయికి ఇంకా మీసాలు రాని రోజుల్లో ఎవరో కింద నుంచి "ఏమీ లేవు, ఎక్కు" అన్నారు, ఆయన ఎక్కాడు, మొవ్వులో కందిరీగల తుట్టె ఉంది. రెండు చేతులతో ముఖం కప్పుకున్న మనిషి ఇక చెట్టును దేంతో పట్టుకుంటాడు? ఆ మాట అన్నదెవరో ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పటి నుంచి తాతబ్బాయికి అందరూ ఆ మాట అన్నవాళ్ళలాగే కనిపించేవారు.

కొత్తపేట బస్సని కండక్టరు చెప్పినా, డ్రైవర్ని కూడా అడిగి గానీ ఎక్కేవాడు కాదు. రాజ్యం కాపురానికొచ్చిన కొత్తలో, పులుసులో ఉప్పు సరిపోయిందండీ అని చెప్పినా సరే, వేలు ముంచి నాలిక్కి రాసుకుని అప్పుడు తలూపేవాడు. ఆవిడ మొదట్లో ఏడ్చింది, తర్వాత నవ్వుకుంది, ఆ తర్వాత చెప్పడమే మానేసింది. ఈ చివరిది అతను గమనించలేదు. అన్నీ గమనించే మనిషి దీన్నొక్కదాన్నీ ఎలా వదిలేశాడో మరి.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. దింపు రోజున తలకు వాసన నూనె రాసుకునేవాడు కాదు, ఒంటికి సబ్బు తగలనిచ్చేవాడు కాదు. కందిరీగ చెవి దగ్గర తిరిగితే చెయ్యి విసరకుండా కొయ్యలా ఉండిపోయేవాడు. ఒకదాన్ని నలిపితే మిగతావన్నీ మీద పడతాయని అతనికి తెలుసు. తేనెటీగ కుడితే ముల్లు పిసక్కుండా గోటితో గీకి తీసేసేవాడు. కందిరీగ ముల్లు వదలదు కాబట్టి దానికి చన్నీళ్ళు పోసి సున్నం రాసేవాడు. ఆ సున్నం కోసమే ఇంట్లో దూలం మీద ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. ఆ ఇంట్లో తాంబూలం అలవాటు ఎవరికీ లేదు.

డెబ్బై నాలుగు వేసవిలో, ఇంత జాగ్రత్తా ఉండి కూడా, ఎండుమట్ట కింద దాక్కున్న చిన్న తుట్టె మీద చెయ్యి వేశాడు. కుట్టినవి నాలుగో ఐదో. ఎలాగో కిందికి దిగాడు గానీ పెదాలు వాచిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక కొట్టుకున్నాడు. తోట రైతు బంగారరాజు గారు తన కారులో పడేసి కొత్తపేట ఆసుపత్రికి తీసుకెళ్ళబట్టి బతికాడు. ఆ విషం ఇతని ఒంటికి పడదనీ, ఈసారి ఒక్కటి కుట్టినా ప్రాణం మీదికి రావచ్చనీ, చెట్టెక్కడం మానెయ్యమనీ డాక్టరు చెప్పాడు. రాజ్యం ఆ మాట డాక్టరు చేత ఇంకోసారి చెప్పించుకుంది. తాతబ్బాయి మాత్రం, చెట్టు మొహం చూడనివాడికి చెట్టు సంగతేం తెలుసని కొట్టిపారేశాడు. చెట్టు దిగితే అతనికి ఇంకో పని రాదు. ఆ భయం పైకి చెప్పలేక డాక్టర్ని అనుమానించాడు.

ఇంటికొచ్చాక కానుగ నూనెలో వేపాకూ కర్పూరం వేసి తలుపేసుకుని కాచాడు. ఆ నూనె ఒళ్ళంతా పట్టించుకుని చెట్టెక్కడం మొదలుపెట్టాడు. కంపు భరించలేక కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. కానీ విచిత్రం, ఆరేళ్ళపాటు ఒక్క కందిరీగా కుట్టలేదు. బెడ్డ విసిరితే రొద వచ్చిన చెట్టే లేదు. తన నూనె వాసనకు తోట ఖాళీ చేసి పోతున్నాయనుకున్నాడు. బతుకులో మొదటిసారి ఒకదాన్ని నమ్మాడు, అదీ తను కాచిందే. పాళ్ళు మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎత్తుకుపోతారని.

ఎనభై ఎండాకాలంలో దూలం మీది డబ్బా తీసి చూస్తే సున్నం అడుగంటి ఉంది. మొన్ననే నింపిన డబ్బా. కుట్టించుకున్నవాడు లేకుండా సున్నం ఏమైనట్టు? రాజ్యాన్ని అడిగితే ఎండిపోయి ఉంటుందని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. సున్నం ఎండితే గట్టిపడుతుంది గానీ మాయమవుతుందా? మళ్ళీ నింపి, పైన వేలితో గీత గీసి పెట్టాడు. నెలన్నర తిరిగి ఇంకో దింపు వచ్చేసరికి గీతా లేదు, గీత కింద సున్నమూ లేదు.

అంతటితో అతని మనసు కుళ్ళడం మొదలైంది. సున్నం ఎవరికి కావాలి, తాంబూలం వేసుకునేవాడికి. ఊళ్ళో నోరు ఎర్రగా ఉన్న ప్రతి మగవాణ్ణీ ఎగాదిగా చూడసాగాడు. పాపం, తన పళ్ళ మీదే అనుమానమనుకుని ఒక ముసలాయన నోరు తెరిచి చూపించి, కట్టుడు పళ్ళు కావోయ్ అని ప్రమాణం చేశాడు. రాజ్యం వంక చూసినప్పుడల్లా అతనికి అన్నం సహించేది కాదు. ఆవిడంటే ప్రాణం, ఆ సంగతి కూడా ఎప్పుడూ చెప్పిన మనిషి కాదు.

అప్పుడు ఎండుమట్టలు ఏరుకునే అప్పలమ్మ ఓ కబురు మోసుకొచ్చింది. రాజ్యం తమ్ముడు ముత్యాలు, వెలుగు రాకముందే బంగారరాజు గారి తోటలో తిరుగుతున్నాడట. ముత్యాలు కాలవ అవతల ఉంటాడు, అతనూ దింపు మనిషే. తాంబూలం జోలికి పోడు గానీ, కొన్నేళ్ళ నుంచి ఎండలు మండిపోతున్నా పొడుగుచేతుల చొక్కా, మెడ దాకా బొత్తాలు. తాతబ్బాయికి ఒక్కసారిగా అన్నీ కలిసొచ్చినట్టనిపించింది. తను దింపు తీసే తోటల మీద ముత్యాలు కన్నేశాడు. తన ఒంటికి విషం పడదని అక్క చెప్పి ఉంటుంది. ఇప్పుడు తుట్టెలు తెచ్చి పెడుతున్నాడన్నమాట. సున్నం లెక్క ఒక్కటే దీనికి అతకలేదు, దాన్ని పక్కన పెట్టేశాడు.

తర్వాతి దింపు రోజున, తూర్పు తెల్లబడే వేళకే వెళ్ళి అరటి గుబురు వెనక నక్కాడు. అనుకున్నట్టే ముత్యాలు చెట్టు మీద ఉన్నాడు. పైన కొబ్బరిపీచు పొగ లేస్తోంది. కాసేపటికి మూతి కట్టిన గోనెసంచి చంకన పెట్టుకుని దిగాడు. సంచి లోపల రొద. అది తను ఎక్కబోయే చెట్టులో పెట్టడానికేననుకున్నాడు తాతబ్బాయి, కోపం ముంచుకొచ్చింది.

కత్తి పట్టుకుని అడ్డంగా వెళ్ళాడు. వేపపుల్ల నములుతూ బంగారరాజు గారు కూడా అప్పుడే అటు వచ్చారు.

"చూడండి రాజుగారూ, నన్ను చంపడానికి తుట్టెలు పెడతన్నాడండి ఈడు. మీ కళ్ళతోనే చూద్దురుగాని, ఆయ్," అన్నాడు తాతబ్బాయి.

ముత్యాలు మొహం పాలిపోయింది. తప్పు దొరికిపోయినవాడి మొహం అదే అనుకున్నాడు తాతబ్బాయి.

"బావా, దూరం జరుగు. నీకు దణ్ణం పెడతాను, ఈ సంచి దగ్గరికి మాత్రం రాకు," అన్నాడు ముత్యాలు.

రావద్దన్న కొద్దీ తాతబ్బాయి మీదికి వెళ్ళాడు. ఒక్క వేటుతో సంచి మూతి తాడు తెగిపోయింది. ముత్యాలు ఆలోచించలేదు. వదులైన మూతిని తన పొట్టకేసి అదిమి, సంచిని రెండు చేతులా వాటేసుకుని, బావకు వీపు తిప్పి పరిగెత్తాడు. పరుగెత్తి పరుగెత్తి సంచితో సహా కాలవలో దూకేశాడు. ఒక్క కందిరీగ కూడా తాతబ్బాయి వైపు రాలేదు.

బంగారరాజు గారే చెయ్యందించి గట్టు మీదికి లాగారు. ఊపిరి తీసుకోవడానికి బొత్తాలు విప్పాడు ముత్యాలు. మెడ, రొమ్ము, చేతులు, ఎక్కడ చూసినా మచ్చలే. కొన్ని పాతవి, నల్లబడినవి. కొన్ని మొన్నటివి, వాటి మీద సున్నం ఎండి పెచ్చులు కట్టింది. ఇప్పటివి అప్పుడే ఉబ్బుతున్నాయి.

సరిగ్గా ఆ సమయానికి కాలవ గట్టు మీద రాజ్యం వస్తోంది. మొగుణ్ణి చూసి చటుక్కున ఆగిపోయింది. పైట కొంగులో ముడేసుకున్నది ఏమిటో అడగక్కర్లేకపోయింది. ఆ రేకు డబ్బా ఆకారం తాతబ్బాయికి తెలియంది కాదు.

తమ్ముడి ఒళ్ళు చూడగానే ఆవిడ పరుగున వచ్చి కింద కూలబడింది. చన్నీళ్ళు చల్లి, సున్నం తీసి రాయడం మొదలుపెట్టింది. మొగుడు ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే తమ్ముడి కాళ్ళు పట్టుకుందట. ప్రతి దింపుకూ ముందు తోటంతా తిరిగి, తుట్టె ఉన్న చెట్టు ఎక్కి, తెల్లారగట్ల చలికి అవి మందకొడిగా ఉన్నప్పుడే పొగబెట్టి కోసేవాడట. ఆరేళ్ళుగా. ఇదంతా బంగారరాజు గారు గుచ్చిగుచ్చి అడిగితే చెప్పింది గానీ మొగుడి వంక చూసి కాదు.

తాతబ్బాయి కత్తి కింద పెట్టేశాడు. నూనె కంపు తనకే ముక్కుకు కొట్టింది.

"నాకెందుకు చెప్పలేదే," అన్నాడు.

రాజ్యం చెయ్యి ఆపలేదు.

"చెప్తే నమ్మేవారాండీ?" అంది.

తాతబ్బాయి పక్కన కూర్చుని డబ్బాలో వేలు పెట్టబోతే సున్నం అయిపోయింది. అప్పుడు లేచి ఊళ్ళోకి వెళ్ళాడు. ఎవర్నీ ఏ సాయమూ అడగనివాడు, తను అనుమానించిన ఎర్రనోటి ముసలాయన గుమ్మం ముందే నిలబడి, కాస్త సున్నం పెట్టండి అని చెయ్యి చాపాడు. ఆయన ఎందుకని అడిగితే, బావమరిది ఒంటికి రాయడానికని చెప్పాడు.

వాపులు తగ్గి ముత్యాలు లేచి తిరగడానికి పది రోజులు పట్టింది. ఆగిపోయిన దింపు ఆ తర్వాత తీశారు. ఈసారి ఇద్దరూ పగటి వెలుగులో కలిసే తోటకు వెళ్ళారు. ముత్యాలు చొక్కా విప్పి అరటిమట్టకు తగిలించి, ముందు తను ఎక్కి మొవ్వంతా వెతికి దిగాడు. తాతబ్బాయి ఎప్పటిలాగే మొదట్లో నిలబడి పైకి చూశాడు. అలవాటుగా వంగి మట్టిబెడ్డ తీశాడు.

"ఏమీ లేవు బావా, ఎక్కు," అన్నాడు ముత్యాలు.

తాతబ్బాయి చెయ్యి ఒక్క క్షణం గాలిలోనే ఆగింది. తర్వాత బెడ్డను కింద పడేసి, చేతి మట్టి పంచెకు తుడుచుకుని, కాళ్ళకు బందం తగిలించుకున్నాడు.