బుడగల మీద కాపలా

మా బావ దోన్ మానిక్‌కి భయమంటే ఏమిటో తెలియదని మా దీవిలో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళదేం పోయింది? ఆయనకి సూదిమందంటే భయం, పిల్లులంటే భయం, మా అక్క నహులా గొంతు పెంచితే ఇంకా భయం. ముప్పై ఏళ్ళు ట్యూనా వేట పడవకి, అదే దోనీకి, సరంగుగా చేసిన మనిషి, ఆసుపత్రిలో నర్సు చెయ్యి పట్టుకోగానే కళ్ళు గట్టిగా మూసుకుని కల్మా చదువుకున్నాడు. పక్కనే ఉండి నవ్వు ఆపుకోలేక చచ్చాను. అవన్నీ నవ్వుకునే భయాలు. అసలు భయం ఆయన మొహంలో ఒక్కసారే చూశాను.

మా మగవాళ్ళకి పుట్టుకతో వచ్చే రోగం ఒకటుంది. ఆకాశం అంచున నాలుగు పిట్టలు ముక్కులు కిందికి పెట్టి గిరగిరా తిరిగాయంటే, వాటి కింద ట్యూనా గుంపు ఉన్నట్టు. అవి కనపడ్డాక చేతిలో అన్నం ముద్ద ఉన్నా కింద పెట్టి దోనీ తిప్పాల్సిందే. బావకి ఆ రోగం మరీ ముదిరిపోయింది. నిఖా రోజున ఖాజీ గారు అడిగింది వినకుండా కిటికీలోంచి పిట్టల వంక చూస్తూ కూర్చున్నాడట. "మూడోసారి అడిగితే గానీ నన్ను ఒప్పుకోలేదు మీ బావ, పిట్టలు ఎగిరిపోయాక ఒప్పుకున్నాడు" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషి వేట మానేశాడు. కూతురి కోసం మానేశాడు.

రవూఫా వాళ్ళకి ఒక్కతే. సిలిండరు వీపున కట్టుకుని సముద్రం అడుగుకి దిగడం నేర్చుకుని, విదేశాల వాళ్ళని పగడపు దిబ్బల మధ్య తిప్పి చూపించే ఉద్యోగం తెచ్చుకుంది. మా దీవి నుంచి ఆడపిల్ల ఆ పనికి వెళ్ళడం అదే మొదలు. బావ ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"నీళ్ళ మీద బతికే జాతే మనది! నీళ్ళ కింద మనకేం పనే?"

"నువ్వు పైనుంచి పట్టేవాటిని నేను కిందనుంచి చూసొస్తాను బప్పా. అంతేగా?" అంది అది నవ్వుతూ.

బావ నాలుగు రోజులు అలిగి కూర్చున్నాడు. ఐదోనాడు తన వేట దోనీని తమ్ముడికి అప్పగించి, నడుం నొప్పితో వేటకి పనికిరానని ఊరంతా చెప్పి, రవూఫా పనిచేసే సఫారీ పడవ వాళ్ళ చిన్న దోనీకి సరంగుగా చేరాడు. నన్ను ఇంజను పనికి లాక్కెళ్ళాడు. ఆ నడుం నొప్పి అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు.

సఫారీ పడవలో అతిథులు వారం రోజులు తింటారు, పడుకుంటారు, రోజుకి మూడుసార్లు మునుగుతారు. మునిగే చోటికి తీసుకెళ్ళి దింపేది మా దోనీ. వాళ్ళు దిగాక పైకొచ్చే గాలి బుడగల్ని చూసుకుంటూ, అవి ఎటు పోతే అటు నెమ్మదిగా వెళ్ళి, లేచినచోట ఎక్కించుకోవాలి. బావ పనల్లా బుడగల మీద కాపలా కాయడమే. బయల్దేరేముందు అక్క మా ఇద్దరినీ వాకిట్లో నిలబెట్టి చెప్పింది: "దాని తల మీద నీళ్ళున్నంతసేపూ మీ కళ్ళు ఆ నీళ్ళ మీదే ఉండాలి. ఇంకెటూ పోకూడదు."

పోలేదు కూడా. రెండేళ్ళు ఆ మనిషి పిల్ల కింద ఉండగా పోకచెక్క నోట్లో వేసుకోలేదు, ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేదు. ఆకాశం వైపు చూడాల్సొస్తుందని టోపీ కళ్ళ దాకా దించుకునేవాడు. నేను ఆటపట్టిస్తే "నోర్ముయ్ రా వహీద్, లెక్క తప్పుతుంది" అనేవాడు. బుడగల్లో తన కూతురి బుడగలేవో గుర్తుపడతాననేవాడు. అది నిజమో కోతో నాకు తెలియదు.

ఆ రోజు గాలి మారే కాలం. సఫారీ పడవలో చేపలు అయిపోయి, వంటవాడు మధ్యాహ్నం మాకందరికీ కోడికూర వడ్డించాడు. "ట్యూనా సరంగుకి ఇవాళ కోళ్ళవేట!" అని పడవ పనివాళ్ళలో ఒకడన్నాడు. "సరంగు గారూ, గుడ్ల గుంపు ఏమైనా కనపడిందా?" అని ఇంకొకడు. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. బావ మాత్రం రొట్టె ముక్క అలాగే వదిలేసి లేచిపోయాడు.

సాయంత్రం వేళ అసర్ నమాజు అయ్యాక గూరా కండుకి వెళ్ళాం. రెండు దిబ్బల మధ్య, అటోలు అనే మా దీవుల వలయం లోపలి నీటికీ బయటి మహాసముద్రానికీ ఉన్న సందు అది. రవూఫా ముందు తను దిగి నీటి లాగుడు ఎటుందో చూసుకుని తల బయటపెట్టింది.

"బప్పా, లాగుడు లోపలికే ఉంది. ఇక్కడ కండు నోటి దగ్గర దిగి, దాంతోపాటే లోపలికి కొట్టుకొస్తాం. లోపలి మూల దగ్గర లేస్తాం."

"చెవులు జాగ్రత్త," అన్నాడు బావ. ఎప్పుడూ అదే అంటాడు. ఆరుగురు అతిథులు ఒకరి వెనక ఒకరు దూకారు. రవూఫా వెనకే మునిగారు.

సగం సేపు అంతా సవ్యంగానే ఉంది. తర్వాత లోపలి నీటి వైపు, దూరంగా పిట్టలు లేచాయి. నాలుగూ పదీ కాదు, మబ్బులా లేచాయి. కింద నీళ్ళు ఎసరులా మరుగుతున్నాయి. నేను బావ వంక చూశాను. టోపీ వెనక్కి తోసేసి ఉంది.

"బావా, వద్దు."

"వాళ్ళూ అటే కదరా వస్తున్నది. వాళ్ళు మూలకి చేరేలోపు మనం వెళ్ళి వచ్చేస్తాం. ఒక్క చుట్టు."

"అక్క చంపేస్తుంది."

"కోళ్ళ సరంగునట రా నేను!" అని చుక్కాని తిప్పేశాడు.

అబద్ధమెందుకు, గుంపు మధ్యలోకి వెళ్ళాక నేనూ ఒళ్ళు మరిచిపోయాను. తెల్ల ఈకలు కట్టిన గాలం తాడు ఇలా వదలడం, అలా చేప లాగడం. పలకల మీద తోకలు డప్పు వాయిస్తున్నాయి, నెత్తురు మా పాదాల మధ్య పారుతోంది. బావ మొహంలో పాతికేళ్ళ కుర్రాడు కనపడ్డాడు. ఒక చుట్టు అన్నవాడు ఎన్ని చుట్లు తిప్పాడో నాకు గుర్తులేదు.

తిరిగి మూల దగ్గరికి వచ్చేసరికి బుడగల్లేవు.

"ఇంకా రాలేదు," అన్నాడు బావ. కాసేపు ఆగాం. ఆయన దోనీ అంచు పట్టుకుని వంగి చూస్తున్నాడు. నీళ్ళ మీద కొబ్బరి పీచు ముక్కొకటి తేలుతూ మా పక్కనుంచి పోయింది. మేమిద్దరం దాన్ని కళ్ళతో వెంబడించాం. అది లోపలికి రావడంలేదు, బయటికి పోతోంది. కండు నోరు దాటి, మహాసముద్రం వైపు.

మేం పిట్టల వెంట పడి ఉండగా లాగుడు తిరగబడింది.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంజను ఒక్కసారిగా పెంచి నోటి వైపు పరిగెత్తించాడు. వైర్‌లెస్ నాకు విసిరాడు. సఫారీ పడవకి నేనే చెప్పాను, మునిగినవాళ్ళు కనపడడంలేదని. ఎందుకు కనపడడంలేదో చెప్పలేదు. లంగరు తీసి వస్తున్నాం, చుట్టుపక్కల పడవలనీ పిలుస్తాం అన్నారు. కానీ వాళ్ళు అటోలుకి ఆ చివర ఉన్నారు, సూర్యుడు ఈ చివర దిగిపోతున్నాడు.

నోరు దాటగానే గాలికీ లాగుడుకీ పడక నీళ్ళు నిలువునా లేస్తున్నాయి. ఎక్కడ చూసినా తెల్లటి నురగే. రవూఫా దగ్గర నీళ్ళ మీద నిలబెట్టే నారింజరంగు గొట్టం ఉంటుంది, కానీ మనిషెత్తు గొట్టం ఆ కెరటాల్లో ఏం కనపడుతుంది? ప్రతి నురగా తలకాయలా ఉంది. దగ్గరికి వెళ్తే ప్రతిసారీ ఉత్త నీళ్ళే.

పలకల మీద చేపలు కనపడ్డాయి నాకు. "బావా, వీటిని పారేస్తాను. ఎవరూ చూడకముందే."

ఆయన నా చెయ్యి విరిగేలా పట్టుకున్నాడు. "పిల్ల నీళ్ళలో ఉంది రా! ఈ నెత్తుటికి సొరచేపలు వస్తాయి."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చాక ఇక వదల్లేదు. దోనీ అంచునుంచి నెత్తుటి నీళ్ళు బొట్లు బొట్లుగా సముద్రంలోకి కారుతుంటే, నా చొక్కా విప్పి నీళ్ళు పోయే కన్నాలకి కుక్కాను.

బావ ఇంజను ఆపేశాడు. "ఈల వినపడుతుందేమో విను రా," అన్నాడు. వాళ్ళందరి మెడలకీ ఈలలుంటాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. పలకల మీద ఆఖరి చేప ఇంకా తోక కొట్టుకుంటోంది. టప్, టప్, టప్. బావ దాని మీద పాదం మోపి అదిమిపెట్టాడు. అప్పుడు గాలి తప్ప ఇంకేం లేదు.

మళ్ళీ లాగుడు వెంటే పోయాం. మళ్ళీ ఆపాం. "రవూఫా!" అని కేకేశాడు బావ. ఆ గొంతు ఆయనది కాదు, ముసలివాడి గొంతు. వెనక్కి తిరిగితే మా దిబ్బల గీత సన్నబడిపోయింది. ఇంకొంచెం పోతే అదీ ఉండదు. ఇంకొంచెం ఆగితే వెలుతురూ ఉండదు. మాకు చీకటి మెల్లగా పడదు, తలుపు వేసినట్టు పడుతుంది.

"వహీద్," అన్నాడు బావ. "మీ అక్కకి ఏం చెప్పను రా?"

నేను ఏడుస్తున్నాను. ఆయన ఏడవడంలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, జ్వరం వచ్చినవాడిలా. యా అల్లా, యా అల్లా అని తప్ప ఇంకో మాట లేదు. దాని బదులు నన్ను తీసుకో అని కూడా అనలేదు, అనే ధైర్యం లేదేమో.

మూడోసారి ఇంజను ఆపాక వినపడింది. చీమంత శబ్దం. నేను భ్రమ అనుకున్నాను. బావ చెయ్యెత్తాడు. మళ్ళీ వినపడింది, ఎడమవైపు.

ఏడు తలలు, ఒకదానికొకటి తాడుతో కట్టి గుండ్రంగా ఉన్నాయి. బావ లెక్కపెట్టాడు. నమ్మక మళ్ళీ గట్టిగా లెక్కపెట్టాడు. అందరినీ కట్టి ఉంచింది రవూఫాయే. ఈల ఊది ఊది పెదాలు నీలంగా అయిపోయాయి.

అతిథుల్ని ముందు ఎక్కించింది. వాళ్ళలో భారీ మనిషొకాయన, జర్మనీ ఆయన, ఎక్కగానే బావ మెడ చుట్టూ చేతులు వేసి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "కెప్టెన్! కెప్టెన్!" అని బావ బుగ్గ మీద ముద్దు పెట్టాడు. వాళ్ళకి బావ దేవుడిలా కనపడ్డాడు. ఒకామె చేపల్ని చూసి, ఇవాళ విందన్నమాట అన్నట్టు పొట్ట నిమురుకుని నవ్వే ప్రయత్నం చేసింది. బావ కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

రవూఫా ఆఖర్న ఎక్కింది. పాదం పెట్టిన చోట నెత్తురు. తలెత్తి చేపల్ని చూసింది.

"ఇవెప్పుడు పట్టారు?"

"పొద్దున్నే," అన్నాను నేను ఠక్కున.

వంగి ఒకదాని పొట్ట మీద వేలు పెట్టింది. చారలు ఇంకా మెరుస్తున్నాయి. "మామయ్యా, నేను మానిక్ కూతుర్ని," అంది.

"నువ్వు కింద ఉండగా పట్టాను," అన్నాడు బావ. "నేనే. వాడు వద్దన్నాడు."

రవూఫా లేచి వెళ్ళి అతిథులకి తువ్వాళ్ళు పంచింది, వేడి టీ పోసింది, ఒక్కొక్కరి చేతులూ రుద్దింది. నేను ఇంజను నడుపుతున్నాను, బావ చుక్కాని దగ్గర. అప్పటికి మా దిబ్బల వైపు తిరిగాం, దూరంగా సఫారీ పడవ దీపాలు కనపడుతున్నాయి. అన్నీ అయ్యాక వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది నాకు.

"పైకి లేచేటప్పుడు నేను ముందు నీ దోనీ అడుగు కోసం చూస్తాను బప్పా. రోజూ. అది కనపడ్డాకే మిగతావాళ్ళని లేవమంటాను. ఇవాళ పైన ఏమీ లేదు."

బావ ముందుకే చూస్తున్నాడు.

"వాళ్ళందరూ ఏడుస్తుంటే చెప్పాను, పైన ఉన్నది మా నాన్న, మనల్ని వదిలి ఎక్కడికీ పోడని. ఊరికే అదే చెప్తూ కూర్చున్నాను. చెప్పగా చెప్పగా నాకే అబద్ధమనిపించింది."

"అబద్ధమే," అన్నాడు బావ.

"ఇక నీ దోనీలోంచి నేను నీళ్ళలోకి దిగను."

"దిగకు," అన్నాడాయన. "నేనూ దించను."

చుక్కాని నా చేతికిచ్చి లేచాడు. పిల్ల చలికి వణికిపోతోంది. ఉన్న తువ్వాళ్ళన్నీ అతిథులకే ఇచ్చేసింది. బావ తన చొక్కా విప్పి, దాని భుజాల మీద కప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు. కప్పితే ఉంచుకుంటుందో, తీసి పక్కన పెడుతుందో తెలియక భయపడ్డాడు. అంత దగ్గర్లో ఉన్న కూతురి వంక చూడలేక, ఆ చొక్కా అలాగే రెండు చేతుల్లో పట్టుకుని, సఫారీ పడవ చేరేదాకా నిలబడే ఉన్నాడు.