సున్నం కొట్టిన గుట్ట

తిరుపతి విడిగా జిల్లా అయిన ఏడాది వేసవిలో నన్ను అక్కడికి సీనియర్ జియాలజిస్టుగా బదిలీ చేశారు. స్వచ్ఛంద విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. మొదటి ఫైలే తగువు. శేషాచలం కొండల కింద ఒక గుట్టను గ్రానైట్ క్వారీకి అడిగారు. ఇవ్వకూడదని రాశాను. అక్కడ అడుగున గ్రానైట్, దానిమీద ఒకనాటి సముద్రపు ఇసుక గట్టిపడిన రాయి. రెండూ కలిసే వంకర గీత దగ్గర కోట్ల ఏళ్ల కాలం గల్లంతు; ఆనాటి రాయే మిగల్లేదు. మేం దాన్ని అన్‌కన్ఫార్మిటీ అంటాం. పేల్చేస్తే మళ్లీ పుట్టించలేం. తేల్చడానికి జాయింట్ డైరెక్టర్ స్వయంగా వస్తానన్నారు. గుట్ట మీది వంకర గీత చూడ్డానికి పెద్దసారు వస్తున్నారని, దారి బాగుచేయించమని ఆ ఊరి సర్పంచి మునిరత్నం నాయుడికి కబురు పెట్టాను.

తనిఖీ రోజు ముందుగా వెళ్లి చూస్తే గుట్ట తెల్లగా మెరుస్తోంది. నిలువెత్తు సున్నం, మధ్యలో ఎర్రమన్ను గీత.

"పెద్దసారొస్తా ఉంటే రాయిని మురికిగా చూపిస్తామా మేడమ్? రెండు పూతలు కొట్టించినా," అన్నాడు నాయుడు.

"ఆ గీతేంది నాయుడుగారూ?"

"మీరు చెప్పిందే. వంకరగా ఉండాది గదా, తాడు పట్టి తిన్నగా చేయించినా."

ప్రకృతి తప్పును ఒక్క పూటలో దిద్దిన మనిషితో వాదించే టైము లేదు. నా సంచిలో పలుచటి ఆమ్లం సీసా ఉంది. సున్నపురాయి మీద చుక్క వేస్తే పొంగుతుంది. గ్రానైట్‌కు ఏమీ కాదు. సున్నం వదిలించాలని అసలు గీత మీద పోసి రుద్దుతున్నాను. ఆరిన సున్నం బుసబుసా పొంగుతోంది. అప్పుడే జీపు దిగారు సారు. ఏళ్లుగా ఫైలు తప్ప రాయి ముట్టని మనిషి. నురగ చూడగానే ముఖం వెలిగింది.

"సున్నపురాయి! రిపోర్టులో ఎందుకు రాయలేదమ్మా? సిమెంటు వాళ్లు ఎగిరి గంతేస్తారు!"

క్వారీ తప్పించబోతే సిమెంటు ఫ్యాక్టరీ వచ్చేలా ఉంది. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. మెల్లగా చెప్పే అలవాటు నాకు లేదు.

"ఆ సున్నం కొండది కాదు సార్, సర్పంచిగారిది. మీకోసం కొట్టించారు."

"రెండు పూతలు సార్," అన్నాడు నాయుడు మురిసిపోతూ.

సారు వేసుకున్న లెక్క నాకు అర్థమైంది. క్వారీకి సిఫారసు చేస్తే పైఅధికారి మళ్లీ తనిఖీకి వస్తారు; వస్తే నాయుడు ఈ కథ చెప్పకుండా వదలడు. కాదంటే ఫైలు అక్కడితో ఆఖరు. ఆఖరు చేశారు. ఉత్తర్వులో కారణాలన్నీ నా రిపోర్టులోవే. దాంతోపాటు, ప్రాచీన శిలపై ఆమ్లం పోసినందుకు నాకొక మెమో.

రాయిని కాపాడే కాగితంలో శాస్త్రం ఉండాలి. సంతకం పెట్టించేది మాత్రం శాస్త్రమే కానక్కర్లేదని అక్కడ తెలుసుకున్నాను.