బ్రెత్స్‌లావ్ మలుపు దాటాక

లిబూషే ప్లాను వేసిందంటే ఇక దానికి తిరుగులేదు. బ్ర్‌నో ట్రాము డిపోలో ముప్పై రెండేళ్లు డ్రైవర్లకు డ్యూటీలు వేసిన మనిషి. రెండొందల మంది మగవాళ్లను నిమిషం అటూ ఇటూ కాకుండా పరుగులు పెట్టించింది. రిటైరయ్యాక మాత్రం ఆ చెయ్యి ఊరుకుంటుందా? చర్చి పాటల బృందాన్ని నాలుగుసార్లు సరిహద్దు అవతలి వియన్నా తీసుకెళ్లి, ఒక్కరినీ తప్పిపోనివ్వకుండా అదే రోజు ఇంటికి చేర్చింది. అలాంటిదానికి ఒక్క మొగుణ్ణి వియన్నా తిప్పుకురావడం ఏపాటి పని!

ఆ మొగుడు మెతొదేయ్ రైలింజను డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్లు బ్ర్‌నో నుంచి సరిహద్దు ఊరు బ్రెత్స్‌లావ్ దాకా బండి నడిపాడు. అక్కడ ఈయన ఇంజను విప్పేసి, అవతలి దేశం వాళ్లది తగిలించేవారు. బండి వియన్నాకి, ఈయన ఇంటికి. ఏళ్ల తరబడి మూసి ఉంచిన సరిహద్దు తెరిచిన చలికాలంలో ఊరు ఊరంతా వియన్నాకు ఎగబడితే, ఆ జనాన్ని మోసే స్పెషలు బండ్ల మీద డ్యూటీ కూడా ఈయనకే పడింది. తర్వాత ఇక్కడి ఇంజన్లే నేరుగా పోవడం మొదలైంది కానీ, దానికి జర్మను పరీక్ష రాయాలన్నారు. "ఈ వయసులో నాకు పరీక్షలేంటి?" అని కుర్రాళ్లకు వదిలేశాడు. ఆపైన లిబూషే వియన్నాకు ఎప్పుడు రమ్మన్నా తోటపని ఉందనేవాడు.

ఇప్పుడేమో ఆయన కళ్లు మసకబారుతున్నాయి. కంట్లో సూదులు వేసినా వచ్చే వేసవికి దూరానివి ఆనకపోవచ్చని, చూడాలనుకున్నవి ఈలోపే చూసేయమని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆదివారం మధ్యాహ్నమే లిబూషే వంటింటి బల్ల మీద గళ్ల కాగితం పరిచింది.

రిటైరైన రైలువాళ్లకు ఊరికే తిరిగే పాసు ఉంటుంది. పాసున్న ఇళ్లలో ఒకటే పద్ధతి: వెళ్తే మొదటి బండికి, వస్తే ఆఖరి బండికి. ఊరికే వచ్చిన రోజులో ఒక్క గంట వదులుకున్నా వాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది.

"నాలుగూ యాభై బండి. ఎనిమిదికి పెద్ద చర్చి, తొమ్మిదికి రాజుగారి మహలు, పదకొండుకి మ్యూజియం..." లిబూషే గడగడా చదివింది.

"మరి తిండో వదినా?" పక్కింటి యార్మిలా అడిగింది.

"పంది మాంసం ముక్కలు రొట్టెపొడి అద్ది వేయించి పట్టుకెళ్తాం."

"అయ్యో రాత! ఆ వేపుడుకే పేరుపడ్డ ఊరికి దాన్నే మూటకట్టుకుని పోతావా?"

"నా చేతి ముక్క ముందు వాళ్లదెంత! బెంచీ మీద కూర్చుని దర్జాగా తింటాం." మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నీకేం చూడాలనుందో చెప్పు, రాసేస్తాను."

మెతొదేయ్ ఆపిల్ చెక్కుతున్నాడు. "నీ ఇష్టం."

"మ్యూజియం ముందా, మహలు ముందా?"

"నీ ఇష్టమేనే."

లిబూషేకి ఒళ్లు మండింది. "నీ ఇష్టం, నీ ఇష్టం! ఎవరి కళ్ల కోసమయ్యా నాకీ ఆయాసం?"

యార్మిలాకు పొయ్యి మీద పులుసు ఉన్న సంగతి హఠాత్తుగా గుర్తొచ్చి లేచి ఇంటికెళ్లింది.

మెతొదేయ్ కత్తి కింద పెట్టాడు. "నవంబరు. పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. నాకు కనపడేదేంటే?"

"వియన్నా కనపడదూ?"

"అది నువ్వు చెప్పగా చెప్పగా నా చెవులు చిల్లులు పడ్డాయి. బ్రెత్స్‌లావ్ దాటాక పట్టాలు కుడికి తిరుగుతాయి. అంతవరకే నాకు తెలుసు. ఇన్నేళ్లూ నేను లాక్కొచ్చిన బండి ఆ మలుపులో కనుమరుగైపోయేది. అవతల ఏముందో నాకు ఒక్కడూ చెప్పలేదు."

"ఏముంటాయి, పొలాలు..."

"నువ్వు చూశావా?"

లిబూషే నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ పెట్టె అంతా తిరుగుతూ తలలు లెక్కపెట్టింది, టిక్కెట్లు సర్దింది. కిటికీ వైపు తల తిప్పి చూసిన పాపాన పోలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. "ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని కసిరి, కాగితం చించి పారేసి కొత్తది తీసింది.

ఈసారి రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. పదింటి బండి. వియన్నాలో ఒక్క గంట, ప్లాట్‌ఫారం బెంచీ మీద భోజనం. ఒంటిగంటకు తిరుగు బండి, అదీ ప్రతి స్టేషన్లో ఆగేది. రెండు కిటికీ సీట్లు.

మెతొదేయ్ కాగితాన్ని ముక్కు దగ్గరకు పెట్టుకుని చదివాడు. "రెండెందుకే? కిటికీ దగ్గర నీకు తోచదుగా."

"వచ్చే వేసవి నుంచి అక్కడేముందో నన్నే కదయ్యా అడుగుతావు? చెప్పాలంటే ఇప్పుడు నేను చూడొద్దూ?"

ఆయన కాగితం ఆమె ముందుకు తోసి, "అయితే ఒకే కిటికీకి ఎదురెదురు సీట్లు రాయి," అన్నాడు.