మా ఊరి నార్మల్‌ను ఒప్పుకోని సారు

మా ల్యాబు సారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చినప్పుడు నేనొక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కడుతున్నాను. ఫోను పెట్టేసి, రక్తం తీసి, ట్యూబు మీద పేరు రాశాను. ఏడుపు రాలేదు. మధ్యాహ్నానికి నరసరావుపేట మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీ లేచింది. ఆయన ఫోటో కింద 'అజాతశత్రువు' అని వేశారు. ఒళ్ళు మండింది. ఆయనకు శత్రువే లేకపోతే ఆరేళ్ళు ఆయన కింద పనిచేసిన నేనెవర్ని?

మంచి మాటలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఉన్నదే చెప్తాను. ఆయన నోరు మంచిది కాదు. ట్యూబును కిటికీ వెలుగులో పెట్టి, పైన తేరిన నీరు, కణాలు చితికి కాస్త ఎర్రగా కనిపించిందా, అందరి ముందే "సూది గుచ్చావా, గునపం గుచ్చావా?" అనేవారు. టీ సగం తాగి వదిలేసి, చల్లారిందని మళ్ళీ మమ్మల్నే తిట్టేవారు.

రిపోర్టులో మన అంకె పక్కన, నార్మల్ ఇంత నుంచి ఇంత వరకు అని ఒక వరుస ఉంటుంది కదా. మేమైతే మిషన్‌తో వచ్చిన కాగితం చూసి దించేసేవాళ్ళం. ఈయనకు అది నచ్చలేదు. "ఆ కాగితంలో మనిషి ఎవరు? ఈపూరోడా, మాచర్లోడా? ఒంట్లో బాగున్న మన మనుషుల రక్తం తీసి, మన అంకెలు మనం కడదాం" అన్నారు. ఆ మనుషుల్ని వెతికి తెచ్చే పని నా పీకల మీదికొచ్చింది.

ఖాళీ కడుపుతో రమ్మంటే సగం మంది టీ తాగి వచ్చారు. ఒక మాజీ సర్పంచి కుర్చీలోంచి లేచి "టీ తాగేదేగాని తినేదా ఏంది?" అని అరిచాడు. సారు తల కూడా ఎత్తకుండా "రేపు రండి" అన్నారు. ఆయన్నేమీ అనలేక సర్పంచి నన్ను తిట్టిపోయాడు.

ఆడవాళ్ళు దొరక్క చివరికి మా ఊరే వెళ్ళాను, ముప్పాళ్ళ దగ్గర. పొద్దుగూకేదాకా వంగి మిరపకాయలు కోసే మనుషులు. ఒక్కరూ ఆసుపత్రి గడప తొక్కినవాళ్ళు కాదు. ఇంతకంటే ఆరోగ్యం ఏముంటుంది అనుకున్నాను. బతిమాలి ముప్పై నాలుగు మందిని ఒప్పించాను. అందులో మా అమ్మ కూడా ఉంది.

సారు అంకెలు చూశారు. మిషన్ కాగితంలో ఆడవాళ్ళకి పన్నెండు నుంచి అని ఉంటే, వీళ్ళ హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర, పది, తొమ్మిది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో కూడా పరీక్ష చేయించారు, అదీ అడుగంటింది. ఆ తర్వాత పెన్సిల్ తీసి ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ పోయారు. ఐదుగురు మిగిలారు. మా అమ్మ పేరూ పోయింది.

"ఇదేంది సార్? మన మనుషులు, మన అంకెలు అన్నది మీరేగా! మా దగ్గర ఆడోళ్ళందరికీ ఇంతే ఉంటది. మరి అదేగా నార్మల్?" అని నేనూ గొంతు లేపాను.

"అందరికీ ఉంటే నార్మల్ అవుద్దా? ఊరంతా కుంటుతా ఉంటే కుంటడమే నడక అంటావా?"

"బాగానే ఉందని వాళ్ళే చెప్పారు."

"ఏ ఆడమనిషి బాగాలేదని చెప్పింది నీకు? అడిగావా? మీ అమ్మనన్నా అడిగావా?"

అడగలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఆయన ఆగలేదు. "ఈ తొమ్మిదిన్నరని నార్మల్ అని అచ్చేస్తే, రేపటి నుంచి ఏ ఆడదాని రిపోర్టు మీదా తక్కువ అని పడదు. డాక్టరు చూడడు. ఆ పాపం నీదా, నాదా?"

అంతటితో వదిలారా? ఇరవై తొమ్మిది రిపోర్టులు నా చేతిలో పెట్టి, ఇంటింటికీ వెళ్ళి చెప్పి రమ్మన్నారు. తిడతారు సార్ అంటే, "తిట్టనీ. తిట్టాక మాత్రలు వేసుకుంటారు" అన్నారు. నిజంగానే చెడతిట్టారు. "రాయిలాంటి మనుషులకి రోగం అంటగడతావేందే?" అని పిన్ని వరసయ్యే ఒకామె కాగితం నా మొహాన కొట్టింది. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వంటింట్లో అటు తిరిగి నిలబడి, నెలలో పన్నెండు రోజులు బట్ట మారుస్తున్నానని చెప్పింది. ఏడేళ్ళుగా అట! రక్తం పరీక్షలు చదువుకున్న కూతుర్ని, ఆ ఇంట్లోనే తిని పడుకున్నాను. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు బాగుంది. ఆ మాట చెప్పబోతే సారు "సరే, ఆ కిట్లు ఫ్రిజ్‌లో పెట్టు" అన్నారు. మా అమ్మ ఆయన వల్లే బతికింది. ఆ ముక్క ఆయన ఉండగా నన్ను చెప్పనివ్వలేదు, మహానుభావుడు.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన్నే తిట్టడం మొదలుపెట్టింది.

"మీ ఊరోళ్ళ కంటే ముందు నా రక్తమే తీశాడమ్మాయ్. మొదట కొట్టేసిన పేరూ నాదే. ఎనిమిదే ఉంది. ముప్పై ఏళ్ళు ఊరందరి రక్తం చూసినోడు, ఇంట్లో మనిషి గోడ పట్టుకుని లేస్తా ఉంటే బద్ధకం అన్నాడు. ఇక ఆ రోజు నుంచి మాత్ర చేతిలో పెట్టి, మింగిందాకా పోలీసోడిలాగా ఎదురుగా నిలబడేవాడు. చానా విసుగొచ్చేది."

నన్ను అడిగావా అని నిలదీసిన మనిషి, ముప్పై ఏళ్ళు తనూ అడగలేదన్నమాట. నా మీద విరుచుకుపడినదంతా ఆయన్ని ఆయనే తిట్టుకోవడమా? ముందే ఒక్క మాట చెప్తే ఏం పోయింది? కోపం, దుఃఖం రెండూ కలిసి వచ్చాయి.

"ఇప్పుడు వేసుకుంటున్నారా?" అని అడిగాను.

"వేసుకోమనేదానికి ఎవరున్నారు?"

అలమరలో మాత్రల అట్ట కనిపించింది. ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించాను. "తర్వాత వేసుకుంటాలే, నువ్వు పో" అని కసురుకుంది. నేను కదల్లేదు. ఆమె తిడుతూనే ఉంది, నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.